పాత మారుతీ 800 ఇంజనును కొనేముందు పరీక్షించడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత మారుతీ 800 కోసం వాకబు చేసేవారు ఇప్పటికీ ఉన్నారు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవారు, ఇంట్లో పెద్దవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ఏదో ఒక బండి ఉంటే చాలుననుకునేవారు, ఊరి సందుల్లో తిరగడానికి చిన్న కారే మేలని నమ్మినవారు దీనివైపు చూస్తుంటారు. ఈ కారు తయారీ 2014 జనవరిలో నిలిచిపోయింది కాబట్టి మీకు దొరికే బండి ఎంత కొత్తదైనా పదేళ్లు దాటినదే అవుతుంది. చాలావరకు ఇరవై ఏళ్లు దాటినదే అవుతుంది. అంత వయసున్న ఇంజను విషయంలో కేటలాగులోని అంకెలు కొంతవరకే పనికొస్తాయి. దాని వేడినీ, ఆయిలునూ, రేడియేటరులోని నీటినీ ఇంతకాలం ఎవరు ఎలా చూసుకున్నారన్నదే అసలు సంగతి. అది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు గాని, ఇంజను ఎదుట నిలబడి ఓ పూట ఓపికగా చూస్తే తెలిసిపోతుంది. కింద చెప్పిన పరీక్షలను ఇదే వరుసలో చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఇంజను బయటపెట్టే లోపాలను, ఒకసారి వేడెక్కాక అదే ఇంజను దాచేస్తుంది.

అది ఏ ఇంజనో ముందు తేల్చుకోండి

800 అన్న ఒక్క పేరు మీద మూడు రకాల ఇంజనులు వచ్చాయి. 1983 డిసెంబరులో తొలి కార్లు రోడ్డెక్కిన నాటి నుంచి దాదాపు 2000 వరకు వచ్చిన కార్లలో ఉన్నది పెట్రోలును గాలితో కలిపి అందించే కార్బొరేటరుతో నడిచే ఎఫ్8బి ఇంజను. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు కఠినమైనప్పుడు అదే ఇంజనుకు కార్బొరేటరు తీసేసి ఎంపీఎఫ్ఐ పద్ధతి (ఒక్కో సిలిండరుకు విడిగా, కంప్యూటరు లెక్కతో పెట్రోలు చిమ్మేది) అమర్చారు. మూడోది సిలిండరుకు నాలుగు చొప్పున మొత్తం 12 వాల్వులు (గాలి, పొగ వచ్చిపోయే తలుపులు) ఉన్న ఎఫ్8డి. దీనిని ఐదు గేర్లతో 800లో కొంతకాలమే ఇచ్చారు గాని, ఆల్టోలో ఇది చాలాకాలం కొనసాగింది. ఎఫ్8బిలో సిలిండరుకు రెండు చొప్పున ఆరు వాల్వులే ఉంటాయి, గేర్లు నాలుగే.

గుర్తుపట్టడం కష్టం కాదు. చల్లటి ఇంజను అందుకునేలా మిశ్రమాన్ని చిక్కబరిచేందుకు చేత్తో లాగే చోక్ బటను స్టీరింగు దగ్గర ఉంటే అది కార్బొరేటరు బండి. తాళం తిప్పగానే మీటరులో ఇంజను బొమ్మతో ఒక దీపం వెలిగితే అది ఎంపీఎఫ్ఐ. వీటన్నిటికంటే గట్టి ఆధారం ఇంజను మీద చెక్కిన నంబరు. అది ఎఫ్8బి అన్న అక్షరాలతో మొదలవుతుందో, ఎఫ్8డి అని మొదలవుతుందో చూసి, ఆర్సీలో ఉన్న నంబరుతో అక్షరం అక్షరం పోల్చుకోండి. పాత బండ్లలో ఒక కారు ఇంజను ఇంకో కారులోకి మారడం అరుదేమీ కాదు; మారిన సంగతి ఆర్సీలో నమోదు కాకపోతే రేపు పేరు మార్పిడి దగ్గర ఆ తలనొప్పి మీదే అవుతుంది. గుడ్డతో తుడిచినా నంబరు కనబడకపోయినా, దాని చుట్టూ గీకిన గుర్తులున్నా అక్కడితో బేరం మానుకోవడం మంచిది.

కొలతలను ఇంజనుకు అన్వయించి చదవండి

ఎఫ్8బి సిలిండరు వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, అందులో పిస్టను కిందికీ పైకీ కదిలే దూరం 72 మిల్లీమీటర్లు. ఈ రెండింటితో లెక్కకడితే ఒక సిలిండరు 265 సీసీ పైచిలుకు, మూడు కలిసి 796 సీసీ అవుతాయి. వ్యాసం కంటే పిస్టను నడక ఎక్కువగా ఉండటం వల్ల ఇది తక్కువ వేగంలోనే లాగే స్వభావమున్న ఇంజను. ఎంపీఎఫ్ఐ రకంలో 59 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్కు (తిప్పే బలం) 2500 ఆర్పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే వస్తుంది. 37 బీహెచ్‌పీ గరిష్ఠ శక్తి 5000 ఆర్పీఎం దగ్గర వస్తుంది. కాబట్టి పరీక్షించేటప్పుడు ఇంజనును ఊరికే అరిపించి చూడటం వల్ల ప్రయోజనం లేదు. మూడో గేరులో గంటకు 30 కిలోమీటర్ల దగ్గర నుంచి యాక్సిలరేటరును మెల్లగా తొక్కుతూ, ఎక్కడా కుదుపు లేకుండా సాఫీగా అందుకుంటోందో లేదో చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఎఫ్8బి ఈ పని సునాయాసంగా చేస్తుంది.

ఈ అంకెలకు ఇంకో ఉపయోగం ఉంది. బండి బరువు సుమారు 650 కిలోలు. ఐదుగురు పెద్దవాళ్లు, వారి సామాను ఎక్కితే మరో మూడు వందల కిలోలకు పైగా చేరుతుంది. అంటే బండి తన బరువులో సగాన్ని అదనంగా మోయాలి. ఉన్నది 37 గుర్రాల బలం. నరసన్నపేట, టెక్కలి మీదుగా పలాస వరకు జాతీయ రహదారి మీద సమతలంగా వెళ్లే ప్రయాణానికి అది సరిపోతుంది. సాలూరు దాటాక ఒడిశా వైపు ఎక్కే ఘాట్ రోడ్డు మీద గాని, శృంగవరపుకోట నుంచి అరకు వైపు గాని నిండా జనంతో, ఏసీ వేసుకుని వెళ్లాలనుకుంటే ఇంజను ఎంత బాగున్నా మీకు నిరాశే మిగులుతుంది. అది ఇంజను లోపం కాదు, మన ఆశ లోపం. అలాంటి ప్రయాణాలు తరచూ ఉండేవారు నాలుగు సిలిండర్ల 993 సీసీ జెన్ వంటిదాన్నో, ఇంకా కొత్తదైన 998 సీసీ ఆల్టో కె10నో చూసుకోవడం తెలివైన పని.

మూడు సిలిండర్లన్న సంగతి కూడా మరిచిపోకూడదు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగేలోగా మూడు సార్లు మాత్రమే మంట అంటుకుంటుంది కాబట్టి, ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజను ఊరికే నడుస్తున్నప్పుడు, ఒక సన్నని కదలిక స్టీరింగులోనూ సీటులోనూ తెలియడం సహజం. ఆ కదలిక ఒకే లయలో సాగుతుంటే దానికి భయపడనక్కర్లేదు. లయ తప్పుతూ, మధ్యమధ్య ఒక దెబ్బ వదిలేసినట్టు ఇంజను ఊగితే అది మిస్సింగ్. లయ సరిగానే ఉండి ఊపు మాత్రం ఎక్కువగా ఉంటే ఇంజను మౌంటింగ్ రబ్బర్లు అరిగిపోయి ఉంటాయి, అది చిన్న ఖర్చుతో పోయేది. ఈ తేడా తెలియక మంచి బండిని వదులుకున్నవారూ ఉన్నారు, చెడ్డదాన్ని మూడు సిలిండర్ల బండి అంతేలే అని కొన్నవారూ ఉన్నారు.

చల్లటి ఇంజను దగ్గరికే వెళ్లండి

ముందురోజే యజమానికి ఫోను చేసి, మీరు వచ్చేదాకా బండిని స్టార్టు చేయవద్దని చెప్పండి. పొద్దున్నే వెళ్లండి. వెళ్లాక బానెట్ మీదా, రేడియేటరు మీదా చేయి వేసి చూడండి. వెచ్చగా ఉంటే, మరోరోజు వస్తానని మర్యాదగా చెప్పి వెనక్కి రావడమే సరైన పని. ఒక టార్చిలైటు, తెల్లటి పాత గుడ్డ, ప్లగ్గు స్పానరు వెంట ఉంచుకోండి. కంప్రెషన్ మీటరు (సిలిండరులోని ఒత్తిడిని కొలిచేది) ఉన్న మెకానిక్ ఎవరైనా తోడు వస్తే మరీ మంచిది.

మొదట ఆయిల్ గేజి కడ్డీని బయటికి లాగి గుడ్డకు తుడవండి. ఈ ఇంజనులో పట్టే ఆయిలు మూడు లీటర్లకు లోపే. ఉన్నదే తక్కువ కాబట్టి, అర లీటరు తగ్గినా పెద్ద లోటే. ఆయిలు నల్లగా ఉండటం తప్పు కాదు. కడ్డీ మీద కింది గీతకు కూడా అందకపోవడం, వేళ్ల మధ్య రాస్తే గరుకుగా తగలడం, పెట్రోలు వాసన రావడం తప్పు. పెట్రోలు వాసనకు కార్బొరేటరు బండ్లలో ఒక ప్రత్యేక కారణం ఉంది: వాటి పెట్రోలు పంపును ఇంజనే తిప్పుతుంది, దానిలోని పల్చటి పొర చిరిగితే పెట్రోలు నేరుగా ఆయిలులోకి దిగుతుంది. పంపు మార్చడం చిన్న పనే గాని, పల్చబడిన ఆ ఆయిలుతో బేరింగులు ఎంతకాలం తిరిగాయన్నదే ఆలోచించవలసిన విషయం.

తరువాత ఆయిలు పోసే మూత తీసి లోపలివైపు చూడండి. మీగడలాంటి పదార్థం పేరుకుని ఉంటే నీరు ఆయిలులో కలుస్తోందన్న అనుమానం రావాలి. అయితే మన సముద్రతీరపు తేమలో, రోజూ రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగని బండ్లలో మూత అడుగున కాస్త తెల్లటి పూత పట్టడం మామూలే. గేజి కడ్డీ మీద కూడా ఆ తెలుపు కనబడితేనే దాన్ని నిజమైన ప్రమాదంగా లెక్కపెట్టండి.

ఇక రేడియేటరు. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే దాని మూత తీయాలి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరిగిన నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. లోపల పచ్చగానో, నీలంగానో, ఎర్రగానో స్వచ్ఛమైన కూలెంటు కనబడితే ఆ యజమాని బండిని శ్రద్ధగా చూసుకున్నాడని అర్థం. తుప్పు రంగు నీళ్లు కనబడితే బోరు నీళ్లు పోస్తూ వచ్చారని అర్థం. ఈ ఒక్క గుర్తుకు నేను మిగతా వాటన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను. ఈ ఇంజనులో సిలిండర్లుండే బ్లాకు పోత ఇనుము, దానిపై మూతలా బిగించిన హెడ్డు అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు, సున్నం కలిసిన నీరు ఏళ్ల తరబడి తిరిగితే అల్యూమినియాన్ని తినేస్తుంది, సన్నని దారులను పూడ్చేస్తుంది. తీరప్రాంత గ్రామాల్లో బోరు నీరు ఎంత ఉప్పగా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. దారులు పూడితే ఇంజను వేడెక్కుతుంది, వేడెక్కితే హెడ్డు వంగుతుంది, హెడ్డు వంగితే రెండింటి మధ్య లీకు కాకుండా ఉంచే గ్యాస్కెట్ పోతుంది. ఎఫ్8బి ఇంజనులు పాడైపోయే దారుల్లో అన్నిటికంటే నలిగిన దారి ఇదే.

టార్చి వేసి ఇంజను కిందా, పక్కలా చూడండి. పాత ఇంజను కొంచెం చెమర్చినట్టు ఆయిలు పట్టి ఉంటే ఫరవాలేదు. చుక్కలు కారుతుంటే అవి ఎక్కడినుంచి వస్తున్నాయో గుర్తించాలి. పైన వాల్వు కవరు గ్యాస్కెట్ నుంచి అయితే చిన్న విషయం. గేర్‌బాక్సు, ఇంజను కలిసే చోటునుంచి అయితే క్రాంక్ వెనుక సీలు పోయిందన్నమాట. సీలు ఖరీదు తక్కువే గాని, దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. పరీక్షకు ముందే ఇంజనును మెరిసేలా కడిగి ఉంచితే సంతోషించకండి, సందేహించండి.

స్టార్టు చేసి చూడండి, వినండి

మీరు వెనక సైలెన్సరు దగ్గర నిలబడి, వెంట వచ్చినవారిని స్టార్టు చేయమనండి. కార్బొరేటరు బండికి చల్లగా ఉన్నప్పుడు చోక్ లాగవలసి రావడం సహజం. ఒకటి రెండు సెల్ఫులకు అందుకుని, కాస్త వేడెక్కాక చోక్ నెట్టేసినా ఆగకుండా నడవాలి. ఎంపీఎఫ్ఐ బండి యాక్సిలరేటరు తొక్కకుండానే స్టార్టు కావాలి. ఆయిలు ప్రెషరు దీపం రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. తాళం తిప్పినప్పుడు ఆ దీపం, ఎంపీఎఫ్ఐలో ఇంజను బొమ్మ దీపం, రెండూ ముందు వెలగాలి, తరువాతే ఆరాలి. అసలు వెలగనే లేదంటే, లోపం కనబడకుండా బల్బు పీకేసి ఉండవచ్చు.

పొగ రంగును జాగ్రత్తగా గమనించండి. స్టార్టు చేసిన క్షణంలో మాత్రం ఒక నీలి తెర వచ్చి మాయమైతే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. అది భరించదగిన లోపమే. బండి నడుస్తూ యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా నీలి పొగ వస్తుంటే పిస్టను రింగులో, సిలిండర్లో అరిగిపోయాయి. నల్ల పొగ పెట్రోలు ఎక్కువ పోతోందని చెబుతుంది. కార్బొరేటరు శుభ్రం చేసి, ఎయిర్ ఫిల్టరు మారిస్తే చాలావరకు పోతుంది. శీతకాలం ఉదయాల్లో తెల్లటి ఆవిరి సహజం, ఇంజను వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంటు సిలిండరులోకి పోతున్నట్టు.

శబ్దాల్లో మొదటిది పైనుంచి వచ్చే సన్నని టకటక. అది వాల్వులను నొక్కే టాపెట్ల ఖాళీ పెరగడం వల్ల వస్తుంది, స్క్రూ తిప్పి సరిచేయవచ్చు. రెండోది కింది భాగం నుంచి, ముఖ్యంగా యాక్సిలరేటరు తొక్కి వదిలినప్పుడు వచ్చే బరువైన దెబ్బ. అది పిస్టనును క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులది. మొదటి శబ్దాన్ని బేరం తగ్గించుకోవడానికి వాడుకోండి, రెండోది వినిపిస్తే అక్కడ ఇంకొక్క నిమిషం కూడా గడపవద్దు. ఇంజను నడుస్తుండగా ఆయిలు మూత వదులు చేసి చూడండి. కొద్దిగా గాలి తగలడం మామూలే, పొగ ఉబికివస్తుంటే రింగుల పని అయిపోయినట్టే.

ప్లగ్గులు, కంప్రెషన్

ఇంజనును కాసేపు నడిపి ఆపాక మూడు ప్లగ్గులు విప్పించి, ఏది ఏ సిలిండరుదో వరుస తప్పకుండా పక్కపక్కన పెట్టండి. కొన గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండరు బాగుంది. పొడిగా మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైంది, తడిగా ఆయిలు పట్టి ఉంటే ఆయిలు మండుతోంది, సున్నంలా తెల్లబడితే వేడి ఎక్కువైంది లేదా పెట్రోలు తక్కువైంది. మూడూ ఒకేలా ఉండటం ముఖ్యం. ఒకటి మాత్రం మిగతా రెండింటికీ భిన్నంగా ఉంటే కథ ఆ సిలిండరులోనే ఉంది. ప్లగ్గులు నిన్ననే కొత్తవి వేశామని చెబితే, పాతవి చూపించమని అడగండి.

ప్లగ్గులు బయట ఉండగానే కంప్రెషన్ చూడాలి. స్పార్కు వైరు తీసేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి, మీటరు ముల్లు ఆగేదాకా సెల్ఫ్ కొట్టాలి. ఈ తరహా ఇంజనుల్లో చదరపు సెంటీమీటరుకు సుమారు 12 కిలోలు, అంటే మెకానిక్ మీటరు మీద 170 పీఎస్ఐ చుట్టుపక్కల వస్తే చాలా బాగున్నట్టు. పదికి దిగువకు పడిపోతే ఖర్చు దగ్గరపడినట్టు. ఒక సిలిండరుకూ మరో సిలిండరుకూ తేడా ఒక కిలో మించకూడదు. అసలు అంకె కంటే ఈ తేడానే ఎక్కువగా పట్టించుకోండి. తక్కువ వచ్చిన సిలిండరులోకి ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. కదలకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు, లేదా హెడ్ గ్యాస్కెట్ పోయింది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు ఒకేలా తక్కువ చూపితే గ్యాస్కెట్ ఆ రెండింటి మధ్య కాలిపోయిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

మన జిల్లాల్లో దీనికి తోడు ఇంకొకటి చూసుకోవాలి. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వంటి తుపానుల్లోనూ, వంశధార, నాగావళి పొంగినప్పుడూ నీట మునిగిన బండ్లు ఉన్నాయి. నీటిలో నడుస్తుండగా ఎయిర్ ఫిల్టరు గుండా నీరు సిలిండరులోకి పోతే, నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్డుతో బండి నడుస్తూనే ఉంటుంది. పొగ ఉండదు, ఆయిలు తగ్గదు, ఒక్క సిలిండరు కంప్రెషన్ మాత్రం తగ్గి కనబడుతుంది. అలాంటి అంకె కనబడితే సీటు పట్టాలు, కార్పెట్టు అడుగు, హెడ్‌లైట్ల లోపలివైపు బురద చార కోసం వెతకండి.

వేడి పరీక్ష, రోడ్డు పరీక్ష

ప్లగ్గులు బిగించాక బండిని నీడలో నిలిపి, ఇంజనును నడవనివ్వండి. ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా పైకొచ్చి సగానికి కాస్త ఇటూ అటూ ఆగాలి. కొంతసేపటికి రేడియేటరు ఫ్యాన్ తనంతట తానే తిరగాలి, కాసేపు తిరిగి ఆగాలి. తాళం తిప్పిన వెంటనే ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టి ఎప్పటికీ ఆగడం లేదంటే, ఎవరో దాన్ని స్విచ్చితో సంబంధం లేకుండా నేరుగా కలిపేశారు. ఫ్యాన్ స్విచ్చి పాడై అలా చేసి ఉండవచ్చు, బండి వేడెక్కుతోందని దాచడానికీ చేసి ఉండవచ్చు. చాలామంది వేడి సమస్యకు మందుగా, ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు పోనివ్వని థర్మోస్టాట్‌ను పీకి పారేస్తారు. అలాంటి బండిలో ముల్లు ఎప్పటికీ పైకి రాదు. ఇంజను చల్లగానే నడుస్తూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. ముల్లు మరీ కిందనే ఉండిపోయినా మెచ్చుకోవలసిన పని లేదు.

రోడ్డు పరీక్షకు రెండు రకాల దారులు కావాలి. ఒకటి ఆగి ఆగి వెళ్లే రద్దీ: విజయనగరంలో గంట స్తంభం, మూడు లాంతర్ల పరిసరాలు, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి సాయంత్రం పూట చాలు. బయటి గాలి తగలనప్పుడు ఇంజను వేడిని ఎలా తట్టుకుంటుందో అక్కడే తెలుస్తుంది. రెండోది జాతీయ రహదారి మీద గంటకు 70, 80 కిలోమీటర్ల నిలకడ వేగంతో కనీసం అరగంట. తిరిగి వచ్చి ఐడిల్‌లో ఉంచినప్పుడు ఆయిలు ప్రెషరు దీపం మిణుకుమిణుకుమంటే బేరింగులు గాని, ఆయిలు పంపు గాని అరిగాయి. చల్లగా ఉన్నప్పుడు ఆయిలు చిక్కగా ఉండి ఈ లోపాన్ని కప్పేస్తుంది కాబట్టి, ఈ ఒక్క పరీక్ష మాత్రం బాగా వేడెక్కాకే చేయాలి. ఇంజను పూర్తిగా చల్లారాక మళ్లీ రేడియేటరు మూత తీసి నీటిమట్టం ఎంత తగ్గిందో చూస్తే పరీక్ష పూర్తవుతుంది.

ఏ లోపాన్ని ఒప్పుకోవాలి, దేన్ని వదులుకోవాలి

కార్బొరేటరు ట్యూనింగు, డిస్ట్రిబ్యూటరు మూత, ప్లగ్గు వైర్లు, టాపెట్లు, రేడియేటరు గొట్టాలు, వాల్వు కవరు గ్యాస్కెట్, మౌంటింగులు: ఇవన్నీ బేరంలో తగ్గించుకుని ఒప్పుకోవలసినవి. దీని విడిభాగాలు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతాయి, పని తెలిసిన మెకానిక్‌లూ ఉన్నారు. ఎఫ్8బి నమ్మకానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. అది ఎన్నడూ చెడిపోని ఇంజను కాదు, చెడిపోతే బాగుచేయడానికి వీలైన ఇంజను.

ఇంజను ఇదివరకే విప్పి ఉంటే రెండు ప్రశ్నలు తప్పక అడగండి. సిలిండర్లు బోరు చేయించారా (అరిగినదాన్ని లోపల కోసి వ్యాసం పెంచడం), చేయిస్తే ఎంత? ఈ ఇంజనుకు 0.25, 0.50 మిల్లీమీటర్ల పెద్ద పిస్టన్లు వస్తాయి. 0.50 వేసి ఉంటే వ్యాసం 69 మిల్లీమీటర్లకు, మొత్తం దాదాపు 808 సీసీకి చేరుతుంది. దానివల్ల బలమేమీ పెరగదు గాని, మళ్లీ అరిగితే ఇక సిలిండర్లలో కొత్త గొట్టాలు, అంటే స్లీవులు, దిగగొట్టవలసిందే. రెండో ప్రశ్న, హెడ్డును లేత్ షాపులో ఎన్నిసార్లు ఫేసింగ్ (అడుగును గీకి చదును చేయడం) చేయించారు? కార్బొరేటరు ఇంజనులో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండరులోని మిశ్రమం ఎన్నో వంతుకు నొక్కుకుపోతుందన్న లెక్క) 8.7:1, లెక్క ప్రకారం ఒక్కో సిలిండరుకు మంట గదిలో ఉండే చోటు సుమారు 34 సీసీ మాత్రమే. హెడ్డును గీకిన ప్రతిసారీ ఆ చోటు తగ్గి నిష్పత్తి పెరుగుతుంది, ఎక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గలగలమని కొట్టుకుంటుంది. ఒకసారి సున్నితంగా చేయించినదానికి అభ్యంతరం లేదు. రెండు మూడు సార్లు చేయించారంటే ఆ బండి పదేపదే వేడెక్కిందన్నమాట, దాన్ని వదిలేయండి.

బాగా నడుస్తున్న ఇంజనును ముందుజాగ్రత్తగా విప్పించమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. కంప్రెషన్ సరిగా ఉండి, ఆయిలు తాగకుండా ఉన్న ఇంజనును విప్పడం వల్ల దానికి ఆయుష్షు పెరగదు.

ఇంజను కన్నా ముందు పోయేది బాడీ. భీమిలి రోడ్డు నుంచి కళింగపట్నం, బారువ దాకా తీరం వెంట తిరిగిన బండ్లలో ఉప్పుగాలికి సస్పెన్షన్ బిగించే చోట్లు, ఫ్లోరు, బ్యాటరీ కింది పళ్లెం తుప్పుపడతాయి. బ్యాటరీ నుంచి బాడీకీ, ఇంజనుకూ వెళ్లే ఎర్తు తీగల కొనలు తుప్పుపడితే సెల్ఫ్ నీరసంగా తిరగడం, ఎంపీఎఫ్ఐలో కారణం తెలియని మిస్సింగ్ వంటివి వస్తాయి. సెన్సార్లు మార్చమని ఎవరైనా చెబితే, ముందు ఆ తీగల కొనలు గీకి శుభ్రం చేయించి చూడండి.

కాగితాలు

ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం నంబర్లు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కాబట్టి, పాత బండి నంబరు చూస్తేనే అది మొదట ఎక్కడ రిజిస్టరైందో తెలుస్తుంది. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తరువాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది కాబట్టి, గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసుకుని ఆ ఖర్చును బేరంలోనే లెక్కవేసుకోండి. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఢిల్లీ పరిసరాల్లో ఉన్న ఆంక్షలు మన దగ్గర వర్తించవు. పాత అప్పు ఆర్సీలో ఇంకా చూపిస్తోందా, గ్యాస్ కిట్టు ఉంటే అది నమోదైందా అన్నవి కూడా చూసి, పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద యజమాని సంతకాలు తీసుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

కొన్న వెంటనే చేయించవలసినవి

ఇంటికి తెచ్చిన వారంలోనే ఇంజను ఆయిలు, ఫిల్టరు మార్పించండి. కార్బొరేటరు ఇంజనుకు 20డబ్ల్యు-40 ఆయిలు సరిపోతుంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపితే సరే, నోటిమాట మాత్రమే అయితే కొత్తది వేయించండి. ఈ ఇంజనులో ఉన్నది గొలుసు కాదు, రబ్బరు బెల్టు. తెగేముందు అది ఏ శబ్దమూ చేయదు, తెగిన చోటే బండి ఆగిపోతుంది. పాత నీరు పూర్తిగా తీసేసి, రేడియేటరు శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటరులో కలిపిన కూలెంటు పోయించండి. రేడియేటరు మూత కూడా కొత్తది వేయండి. దాని స్ప్రింగు వదులైతే నీరు తక్కువ వేడికే మరుగుతుంది.

పెట్రోలు విషయం కాస్త వివరంగా చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోనూ అమ్ముతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత 800లోని పెట్రోలు గొట్టాలు, కార్బొరేటరు గ్యాస్కెట్లు, పంపులోని పొర ఇలాంటి ఇంధనాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పగుళ్లిస్తుంది. కాబట్టి ట్యాంకు నుంచి ఇంజను దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించండి, కార్బొరేటరు కిట్టు కొత్తది వేయించండి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ; 20 శాతం కలిపితే లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. పట్టణంలో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 14 ఇస్తే దాన్ని ఇంజను తప్పుగా భావించకండి. ఆక్సిజన్ సెన్సారు ఉన్న ఎంపీఎఫ్ఐ ఇంజను ఈ మార్పుకు తగినట్టు కొంతవరకు సర్దుకుంటుంది, కార్బొరేటరుకు ఆ తెలివి లేదు కాబట్టి మిశ్రమం పల్చబడుతుంది. ప్లగ్గులు తెల్లబడుతుంటే మెకానిక్‌తో మిశ్రమం కాస్త చిక్కగా పెట్టించండి.

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండిని నెలల తరబడి వాడకుండా ఉంచవలసివస్తే, కార్బొరేటరు గిన్నెలోని పెట్రోలును ఖాళీ చేయించండి. మామూలు రోజుల్లో వారానికోసారైనా ఇంజను పూర్తిగా వేడెక్కేంత దూరం తిప్పండి. ఎంపీఎఫ్ఐ బండి అయితే ట్యాంకును ఎప్పుడూ రిజర్వు దాకా తేవద్దు. దాని పంపు ట్యాంకులో మునిగి, పెట్రోలుతోనే చల్లబడుతుంది. మట్టం తగ్గినకొద్దీ పంపు వేడెక్కి, ఆయుష్షు తగ్గుతుంది. ఇవన్నీ అయ్యాక మొదటి నెలంతా, వారానికోసారి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిలు మట్టాన్నీ కూలెంటు మట్టాన్నీ చూసి ఒక పుస్తకంలో రాసుకోండి. ఆయిలు ఏ వారమైనా గీత దిగితే ప్లగ్గులు మళ్లీ విప్పించి చూడండి. కూలెంటు తగ్గుతూ బయట ఎక్కడా చుక్క కనబడకపోతే ఆలస్యం చేయకుండా హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించండి.